డిస్‌ప్లే రాలేదని కంప్యూటర్‌ను తూకానికి వేయకండి

సంపాదకులు గారికి నమస్కారములు.

అనంతపురంలో కంప్యూటర్లు బాగుచేసే ఏ దుకాణం ముందు కాసేపు నిలబడినా ‘డిస్‌ప్లే రావడం లేదు’ అన్న మాట ఒక్కసారైనా చెవిన పడుతుంది. దానికి వచ్చే జవాబు కూడా దాదాపు ఒకటే: బోర్డు పోయింది, లేదా కార్డు పోయింది, మార్చాలి. నిజంగా పోయినవి ఉంటాయి, కాదనను. కానీ పోనివాటిని కూడా పోయినవాటి లెక్కలో కలిపేసి, బాగున్న భాగాలను మార్పించి, ఒక్కోసారి మొత్తం కంప్యూటర్‌నే తూకానికి వేయించడం వల్ల సామాన్యుల ఇళ్లలోనూ ప్రభుత్వ పాఠశాలల్లోనూ జరుగుతున్న నష్టాన్ని నేను కొంతకాలంగా దగ్గరి నుంచి చూస్తున్నాను. విండోస్‌కు బదులుగా కంప్యూటర్‌ను నడిపే లినక్స్ అనే ఉచిత వ్యవస్థను వేసుకున్న కంప్యూటర్ల విషయంలో ఈ పొరపాటు మరింత సులభంగా జరుగుతున్నది కాబట్టి, తోటి పాఠకులకూ విద్యాశాఖ వారికీ మీ పత్రిక ద్వారా ఈ సంగతి వివరంగా చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతును ముగించింది. విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ప్రాసెసర్ కూడా కొంత కొత్తదై ఉండాలి. ఆ అర్హత లేని కంప్యూటర్లు మన ఇళ్లలో చాలా ఉన్నాయి. అవి ముసలివి కావచ్చు గానీ చదువుకోవడానికి, ఉత్తరం టైపు చేసుకోవడానికి, ఆన్‌లైన్ దరఖాస్తు నింపడానికి ఇంకా పదేళ్లు పనికొచ్చేవే. అటువంటివాటికి లినక్స్ వేసి ఇవ్వడం నా విశ్రాంత జీవితంలో ఒక పనిగా పెట్టుకున్నాను. ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన ఆ లినక్స్ కెర్నల్, అంటే లినక్స్‌కు గుండెకాయ వంటి భాగం, ఈనాడు మన జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లన్నింటిలోనూ ఉన్నది కాబట్టి, అదేదో మనకు పరాయిదన్న భయం అక్కరలేదు.

మా వీధిలో ఒక అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నది. వాళ్లమ్మ ఒకప్పుడు నా దగ్గర పదో తరగతి చదువుకున్నది. ఎవరో ఆఫీసు వాళ్లు అమ్మేసిన పాత కంప్యూటర్‌ను ఆ ఇంటివారు కొనుక్కుంటే, దానికి లినక్స్ వేసి ఇచ్చింది నేనే. ఒకరోజు అప్‌డేట్ చేసి ఆపి, మళ్లీ ఆన్ చేస్తే తెర నల్లగా ఉండిపోయింది. నేను ఊళ్లో లేకపోవడంతో పట్టణంలోని ఒక దుకాణానికి తీసుకుపోయారు. అక్కడి మనిషి స్విచ్చి వేసి, అర నిమిషం చూసి, “ఇంగ ఇది లేయదు మేడమ్, బోర్డు పోయింది, ఆరువేలయితాది” అన్నాడట. ఆరువేలు ఆ ఇంటికి చిన్న మొత్తం కాదు. ఆటోలో వెనక్కి తెచ్చుకుని నా కోసం ఎదురుచూశారు.

నేను వెళ్లగానే ఆ అమ్మాయిని అడిగిన మొదటి ప్రశ్న, ఏమీ రాలేదా, లేక ఏదైనా వచ్చి పోయిందా అని. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, “మొదట కంపెనీ బొమ్మ వస్తాది తాతా, ఆ తర్వాత ఒక్క గీత మినుకుమంటాది, అంతే, మొత్తం నల్లగయితాది” అని చెప్పింది. బోర్డు పోలేదని ఆ ఒక్క మాటతో నాకు తెలిసిపోయింది. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, కేబుల్, మానిటర్ అన్నీ పనిచేస్తేనే ఆ కంపెనీ బొమ్మ తెరమీదికి వస్తుంది. ఆ ప్రశ్న దుకాణంలో ఎవరూ అడగలేదు.

ఆ రోజు నేను చేసింది ఇది. కంప్యూటర్ ఆన్ చేసి, తెర నల్లబడిన తర్వాత కీబోర్డు మీద క్యాప్స్ లాక్ మీటను నొక్కి చూశాను. చిన్న దీపం వెలిగింది, మళ్లీ నొక్కితే ఆరింది. అంటే లోపల లినక్స్ నడుస్తూనే ఉన్నది, మన కంటికి కనపడడం లేదు, అంతే. ఆపి, మళ్లీ ఆన్ చేసి, ఈసారి కంపెనీ బొమ్మ వచ్చిన క్షణం నుంచి షిఫ్ట్ మీటను నొక్కి పట్టుకున్నాను. ఏ కెర్నల్‌తో మొదలుపెట్టాలో అడిగే గ్రబ్ అనే కార్యక్రమపు జాబితా వచ్చింది. అందులో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ అన్న వరుసలోకి వెళితే కొత్త కెర్నల్ కింద పాత కెర్నల్ కూడా ఉన్నది. అప్‌డేట్ చేసినప్పుడు ఉబుంటు వంటి లినక్స్ రకాలు పాతదాన్ని వెంటనే తీసేయకుండా ఇటువంటి రోజు కోసమే అట్టిపెడతాయి. దాన్ని ఎంచుకోగానే ఒక నిమిషంలో ఆ అమ్మాయి పెట్టుకున్న పూల బొమ్మతో సహా డెస్క్‌టాప్ వచ్చేసింది. వాళ్లమ్మ కళ్లు తుడుచుకోవడం చూశాను. కొత్త కెర్నల్‌కు తగినట్టుగా ఆ పాత గ్రాఫిక్స్ కార్డును, అంటే తెరకు బొమ్మ పంపే భాగాన్ని, నడిపించే డ్రైవర్ అనే కార్యక్రమం తయారు కాకపోవడమే అసలు కారణం. ఆ డ్రైవర్‌ను తీసేసి, లినక్స్‌తోపాటే వచ్చే డ్రైవర్‌కు మార్చాను. పైసా ఖర్చు కాలేదు.

నేను చెప్పదలచుకున్నదంతా ఆ మొదటి ప్రశ్నలోనే ఉన్నది. తెర ఏ క్షణంలో నల్లబడిందో గమనిస్తే తప్పు ఎక్కడున్నదో సగం తెలిసిపోతుంది. స్విచ్చి వేసినప్పటి నుంచి లాగిన్ తెర వచ్చేదాకా మన బొమ్మను ఒక్కరే మోసుకురారు. మొదట బోర్డు మీద ఉండే బయోస్ అనే తొలి కార్యక్రమం గానీ, దాని తర్వాతి తరమైన యూఈఎఫ్ఐ గానీ తెరను పట్టుకుంటుంది. అది గ్రబ్‌కు అప్పగిస్తుంది. గ్రబ్ కెర్నల్‌ను లేపి దానికి అప్పగిస్తుంది. కెర్నల్ గ్రాఫిక్స్ డ్రైవర్‌ను లేపి, తెర కొలతను, అంటే అడ్డం, నిలువు ఎన్ని చుక్కలన్నదాన్ని, తానే మార్చి, చివరికి లాగిన్ చూపించే కార్యక్రమానికి అప్పగిస్తుంది. అనంతపురం నుంచి బయలుదేరి కల్యాణదుర్గంలో బస్సు మారి ఊరికి పోవలసిన మనిషి కల్యాణదుర్గంలో కనిపించి ఆ తర్వాత కనిపించకపోతే, మనం అనంతపురం బస్టాండులో వెతకము కదా. కంపెనీ బొమ్మ కనిపించిన కంప్యూటర్‌కు బోర్డు మార్చమనడం అనంతపురంలో వెతకడం వంటిదే.

అసలు మొదటి నుంచే ఏమీ రాకపోతే అది లినక్స్ తప్పు కాదు. లినక్స్ అప్పటికి నిద్ర లేవనే లేదు. అటువంటప్పుడు మానిటర్ వెనుక కేబుల్‌ను అలాగే ఉంచి, కంప్యూటర్ వైపు కొసను ఊడదీసి చూడండి. మానిటర్ ‘నో సిగ్నల్’ అనో, ‘చెక్ సిగ్నల్ కేబుల్’ అనో తనంతట తానే రాస్తే అది బతికే ఉన్నట్టు. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌కు వెనుక రెండు చోట్ల మానిటర్ తగిలించే వీలుంటుంది. ఒకటి బోర్డుది, ఒకటి కార్డుది. ఇల్లు మారినప్పుడు, సున్నం వేయించినప్పుడు ఊడదీసి మళ్లీ పెట్టేవారు కార్డు ఉన్న సంగతి మరిచి బోర్డు దానికే తగిలిస్తారు. చాలా కంప్యూటర్లలో కార్డు ఉంటే బోర్డు వైపు దారి మూసుకుపోతుంది. ఇది ఎంత చిన్న విషయమో అంత తరచుగా జరిగే విషయం.

మన ప్రాంతపు దుమ్ము సంగతి కూడా చెప్పాలి. ఎండాకాలపు గాలికి తలుపులు మూసిన గదిలో కూడా బల్లమీద వేలితో రాస్తే అక్షరం పడే ఊరు మనది. ఆ దుమ్మే కంప్యూటర్ డబ్బాలోని ఫ్యాన్ లాగుకున్న గాలితోపాటు ర్యామ్ మూలలకు చేరుతుంది. ఆన్ చేయగానే ఆగి ఆగి బీప్ మని అరిచి, తెర మీదికి ఏమీ రాని కంప్యూటర్లలో అనేకం, కరెంటు ప్లగ్ పూర్తిగా తీసేసి, ర్యామ్ ముక్కను ఊడదీసి, దాని బంగారు రంగు అంచును పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్ది, రబ్బరు పొట్టు దులిపి, రెండు వైపులా టక్కుమని పట్టేదాకా మళ్లీ నొక్కితే లేచి కూర్చుంటాయి. గడియారం తేదీ ప్రతిరోజూ వెనక్కి పోతుంటే బోర్డు మీద ఉండే సీఆర్ 2032 అనే గుండ్రటి మూడు వోల్టుల బ్యాటరీ అయిపోయినట్టు. దాని ధర కొద్ది పదుల రూపాయలే.

ఇక ఎక్కువమంది చిక్కుకునేది గ్రబ్ దాటిన తర్వాత. ఒకప్పుడు లినక్స్‌లో తెర కొలతను పెట్టే పని కెర్నల్‌ది కాదు, ఆ పైన నడిచే కార్యక్రమానిది. 2009 ప్రాంతం నుంచి ఆ పనిని క్రమంగా కెర్నల్ తన చేతిలోకి తీసుకున్నది. అందువల్ల మామూలుగా తెర తొందరగా, మినుకుమనకుండా వస్తుంది. కానీ డ్రైవర్‌కూ కార్డుకూ పొత్తు కుదరకపోతే, కెర్నల్ కొలత మార్చిన ఆ క్షణంలోనే తెర నల్లబడిపోతుంది. దీనికి తాత్కాలికంగా ఒక కట్టు ఉన్నది. గ్రబ్ జాబితాలో మొదటి వరుస మీద ఉండి ఇంగ్లీషు ‘ఇ’ అక్షరపు మీట నొక్కితే కొన్ని వరుసల రాత వస్తుంది. అందులో ‘లినక్స్’ అన్న మాటతో మొదలయ్యే వరుస ఒకటి ఉంటుంది. దాని చివర ‘క్వయెట్ స్ప్లాష్’ అన్న రెండు మాటలు కనిపిస్తాయి. వాటి పక్కన ఒక ఖాళీ వదిలి ఎన్, ఓ, ఎమ్, ఓ, డి, ఇ, ఎస్, ఇ, టి అన్న తొమ్మిది చిన్న అక్షరాలను మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి, ఎఫ్10 నొక్కాలి. నోమోడ్‌సెట్ అన్న ఆ మాటకు అర్థం, నీవు కొలత మార్చవద్దు, బోర్డు పెట్టిన కొలతలోనే నడువు అని కెర్నల్‌కు చెప్పడం. ఆ ‘క్వయెట్ స్ప్లాష్’ అన్న మాటలను తీసేస్తే, దాచిపెట్టిన సందేశాలన్నీ తెరమీద పారుతూ ఎక్కడ ఆగిందో చూపిస్తాయి. అది కూడా చేసి చూడదగిన పనే.

ఇలా చేసిన మార్పు ఆ ఒక్కసారికే పనిచేస్తుంది, మళ్లీ ఆన్ చేస్తే పోతుంది కాబట్టి ఏదో చెడిపోతుందన్న భయం అక్కరలేదు. అయితే దీన్నే శాశ్వతంగా పెట్టుకుని సరిపెట్టుకోవడం మంచిది కాదు. నోమోడ్‌సెట్‌తో తెర వస్తుంది గానీ బొమ్మలు పెద్దగా, అక్షరాలు మొద్దుగా, వీడియోలు ఆగి ఆగి నడుస్తాయి. ప్రాసెసర్ అంతా తానే గీయాల్సి వస్తుంది. విరిగిన కాలికి కట్టు కట్టి ఆసుపత్రికి తీసుకుపోయినట్టుగా, ఆ కట్టుతో లోపలికి వెళ్లి, సరైన డ్రైవర్ వేసి, కట్టు విప్పేయాలి. కొందరు దుకాణదారులు ఈ మాటను ఎక్కడో నేర్చుకుని గ్రబ్ ఫైలులో శాశ్వతంగా రాసి పంపేస్తున్నారు. ఆ తర్వాత ఆ ఇంటివారు ‘లినక్స్ అంటే ఇంతే, మొద్దుగా ఉంటుంది’ అనుకుని మళ్లీ దొంగ విండోస్ వేయించుకుంటున్నారు. నాకు అన్నింటికంటే బాధ కలిగించేది ఇదే.

కొత్త కంప్యూటర్లు ఉన్నవారికి ఒక సూచన. వాటిలో గ్రబ్ రావాలంటే షిఫ్ట్ కాదు, ఎస్కేప్ మీటను కంపెనీ బొమ్మ వచ్చినప్పుడు ఒకసారి నొక్కాలి. వాటిలో సెక్యూర్ బూట్ అనే కాపలా కూడా ఉంటుంది. బయటి డ్రైవర్ వేసినప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమని అడిగి, తర్వాత ఆన్ చేసినప్పుడు ఒక నీలం తెర చూపిస్తుంది. ఏదైనా మీట నొక్కమని కొద్ది సెకన్లు మాత్రమే ఆగుతుంది. అదేమిటో తెలియక చాలామంది దాన్ని అలాగే పోనిస్తారు. అప్పుడు ఆ డ్రైవర్‌ను కెర్నల్ లోపలికి రానివ్వదు. డ్రైవర్ వేసిన వెంటనే డిస్‌ప్లే పోయిందంటే ఆ నీలం తెరను దాటేశారేమో గుర్తు చేసుకోవాలి.

లినక్స్ గుర్తు కూడా వచ్చి, లాగిన్ రావలసిన చోట నల్లబడితే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలను కలిపి నొక్కండి. అక్షరాలతో లాగిన్ అడిగే తెర వస్తే కెర్నల్ పని సక్రమంగా ఉన్నట్టే. హార్డ్ డిస్కు నిండిపోయినా ఇలాగే జరుగుతుందని చాలామందికి తెలియదు. పెళ్లి వీడియోలతో డిస్కు నూటికి నూరు శాతం నిండితే లాగిన్ కార్యక్రమానికి ఒక చిన్న ఫైలు రాసుకునే చోటు కూడా దొరకదు.

ఇప్పుడు పాఠశాల సంగతికి వస్తాను, ఎందుకంటే ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అది. మా జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నాకు తెలిసిన ఉపాధ్యాయుడు పిలిస్తే వెళ్లాను. ల్యాబ్‌లో ఒక మూలన మూడు కంప్యూటర్లను ‘పనికిరానివి’ అని సుద్దతో రాసి, గోనెపట్టా కప్పి పెట్టారు. పిల్లలు మిగిలినవాటి ముందు నలుగురేసి కూర్చుని ఉన్నారు. ఆ మూడింటిలో ఒకటి నిజంగానే పోయింది. బోర్డు మీది కెపాసిటర్లు పైకి ఉబ్బి, గోధుమరంగు జిగురు కారి ఉన్నది. మిగిలిన రెండూ బాగానే ఉన్నాయి.

మొదటిదాన్ని ఆన్ చేస్తే కంపెనీ బొమ్మ వచ్చింది, తర్వాత తెరమీద చిన్న పెట్టెలో ‘అవుట్ ఆఫ్ రేంజ్’ అని ఇంగ్లీషులో వచ్చి, మానిటర్ పడుకున్నది. ఈ సందేశాన్ని పంపేది కంప్యూటర్ కాదు, మానిటర్. నాకు అందని వేగంలో బొమ్మ పంపుతున్నావు అని అది చెప్పుకుంటున్నది. 1366 అడ్డం, 768 నిలువు చుక్కలున్న చిన్న మానిటర్‌కు సెకనుకు 60 బొమ్మల చొప్పున చూపడానికి సుమారు 48 వేల గీతలు పంపితే చాలు. 1920కి 1080 కొలతకు సెకనుకు 67 వేల 500 గీతలు కావాలి. ఆ వేగానికి తట్టుకోలేని మానిటర్ చేతులెత్తేస్తుంది. చూడగా, మునుపెప్పుడో ఆ కంప్యూటర్‌కు పెద్ద మానిటర్ ఉన్నప్పుడు ఎవరో ఆ పెద్ద కొలతను లినక్స్ ఫైలులో చేత్తో రాసిపెట్టారు. ఆ మానిటర్ మరో గదికి పోయింది, చిన్నది దీనికి వచ్చింది, ఫైలు మాత్రం మారలేదు. రెండు వరుసలు కొట్టేసి, అప్‌డేట్ గ్రబ్ అన్న ఆజ్ఞ ఇచ్చి మళ్లీ ఆన్ చేస్తే తెర వచ్చేసింది.

రెండోదానిలో తెర వచ్చేది గానీ 1024కి 768 కొలతలో, మొద్దుగా, పక్కలకు సాగదీసినట్టుగా వచ్చేది. అందుకే కార్డు పోయిందని పక్కన పెట్టారు. దీన్ని నేను చాలాసేపు చూశాను. ప్రతి మానిటర్ తన కొలతలను, తనకు అందే వేగాలను 128 బైట్ల చిన్న పట్టికగా తన లోపల రాసుకుని ఉంటుంది. ఈడీఐడీ అని దాని పేరు. కంప్యూటర్ ఆ పట్టికను కేబుల్‌లోని రెండు సన్నని తీగల ద్వారా అడిగి తెలుసుకుంటుంది. 1987లో వచ్చిన నీలం కొసల వీజీఏ కేబులే ఇంకా మన పాఠశాలల్లో నడుస్తున్నది. అందులో 15 పిన్నులకు చోటుంటుంది. పన్నెండో పిన్ను ఆ పట్టిక అక్షరాలను మోస్తుంది, పదిహేనో పిన్ను వాటికి లయ చూపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు మొదటి మూడు పిన్నులవి. కాబట్టి పన్నెండోది తెగినా రంగులన్నీ వస్తాయి, బొమ్మ వస్తుంది. మానిటర్ ఎవరో మాత్రం కంప్యూటర్‌కు తెలియదు. ముక్కూమొహం తెలియని మనిషికి చొక్కా కుట్టమంటే దర్జీ ఏం చేస్తాడు, అందరికీ పట్టేలా ఒక కొలత వేస్తాడు. లినక్స్ కూడా అదే చేస్తుంది.

ఆ కేబుల్ కొసను కిటికీ వెలుతురులో పెట్టి చూస్తే, మూడో వరుసలో ఒక పిన్ను పడుకుని ఉన్నది. లెక్కపెడితే పన్నెండోది. తొమ్మిదో పిన్ను కొన్ని కేబుళ్లలో మొదటి నుంచే ఉండదు, అది లోపం కాదు. పడుకున్న పిన్నును గోటితో లేపబోతే విరుగుతుంది. అయిపోయిన బాల్‌పెన్ను రీఫిల్ ముక్క ఒకటి తీసుకుని, దాని ఖాళీ కొసను పిన్ను మీదికి తొడిగి, మెల్లగా, ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా నిలబెట్టాను. పక్కనే నిలబడి చూస్తున్న తొమ్మిదో తరగతి పిల్లవాడు ఊపిరి బిగబట్టుకుని ఉన్నాడు. ఏం జరుగుతున్నదో ఆ పిల్లవాడికి అంకెల్లో చూపించాలనిపించి, కెర్నల్ దాచుకునే ఆ పట్టిక ఫైలును చదివి బైట్లు లెక్కపెట్టే ఆజ్ఞను పిన్ను లేపకముందే నేర్పించి, సున్నా వచ్చిన సంగతి రాయించి పెట్టాను. పిన్ను సరిచేసిన తర్వాత అదే ఆజ్ఞ ఇస్తే 128 వచ్చింది. తెర నిండుగా, అక్షరాలు సూదిమొనల్లా వచ్చాయి. అక్కడున్న పిల్లలంతా తమ తమ కంప్యూటర్ల వెనుక కేబుళ్లు చూడడానికి వంగారు.

ఈ రెండు కంప్యూటర్లూ ఎంత కాలంగా గోనెపట్టా కింద ఉన్నాయని అడిగితే, రెండు విద్యా సంవత్సరాలు అన్నారు. ఉపాధ్యాయులను నేను తప్పుపట్టను. వారికి ఆ సందేశం అర్థం ఎవరూ చెప్పలేదు. మరమ్మతుకు రాసిన కాగితం ఎక్కడో ఆగిపోయింది. కేబుల్ కొనాలన్నా ఏ పద్దు కింద కొనాలో తెలియని పరిస్థితి. తెరమీద వచ్చిన ‘అవుట్ ఆఫ్ రేంజ్’ అన్న మూడు ఇంగ్లీషు మాటలు తెలుగులో వచ్చి ఉంటే, లేదా వాటి అర్థం చెప్పే ఒక్క తెలుగు కాగితం ఆ గోడమీద ఉండి ఉంటే, ఆ పిల్లల్లోనే ఎవరో ఒకరు బాగుచేసి ఉండేవారని నా నమ్మకం.

దక్షిణాదిలోనే ఉన్న కేరళలో పాఠశాలల కంప్యూటర్ చదువు ఏళ్లుగా లినక్స్ మీదే సాగుతున్నది. ఐటీ ఎట్ స్కూల్ పేరుతో మొదలై ఈరోజు కైట్ అన్న పేరుతో ఉన్న అక్కడి ప్రభుత్వ సంస్థ ఉపాధ్యాయులకు లినక్స్‌లోనే శిక్షణ ఇస్తున్నది. మన దేశంలోనే కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ అయిన సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌లో తెలుగు ఉన్నది. స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో లినక్స్ కోసం ఎంతో పాటుపడ్డారు. కానీ కంప్యూటర్ తొలి నిమిషంలో, అంటే మనిషికి అన్నింటికంటే ఎక్కువ భయం వేసే నిమిషంలో, తెలుగు ఇంకా రాలేదు. ఆ నిమిషానికి కావలసినది కాగితం మీది తెలుగే.

కాబట్టి విద్యాశాఖ వారికి నా విన్నపం. ప్రతి ల్యాబ్‌కూ అదనంగా రెండు మంచి కేబుళ్లు, లినక్స్ ఎక్కించిన ఒక పెన్‌డ్రైవ్, గోడకు ఒక తెలుగు కాగితం ఇప్పించండి. పెన్‌డ్రైవ్ ఎందుకంటే, తప్పు డబ్బాలో ఉన్నదా, లోపలి లినక్స్‌లో ఉన్నదా అన్న వ్యాజ్యాన్ని అది పది నిమిషాల్లో తీరుస్తుంది. డిస్కుతో పని లేకుండా పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్ నడిచి తెర నిండుగా వస్తే బోర్డు, కార్డు, మానిటర్ మూడూ బాగున్నట్టే. లినక్స్ మింట్ జాబితాలో ‘కంపాటిబిలిటీ మోడ్’ అనీ, ఉబుంటులో ‘సేఫ్ గ్రాఫిక్స్’ అనీ ఉండే వరుసలు నేను పైన చెప్పిన కట్టుతోనే మొదలవుతాయి. కంపెనీ బొమ్మ మీదే అడ్డగీతలు, రంగు మచ్చలు పడుతుంటే మాత్రం పెన్‌డ్రైవ్ కూడా ఏమీ చేయలేదు. అది కార్డు గానీ, మానిటర్ గానీ, కేబుల్ గానీ చెడినట్టు.

పట్టణంలోని మరమ్మతుదారులకూ ఒక మాట. మీలో నిజాయితీగా పనిచేసేవారు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. నేనే మీ దగ్గర ఎన్నో నేర్చుకున్నాను. భాగం మార్చమని చెప్పేముందు ఏ పరీక్ష చేసి చూశారో బిల్లు వెనుక ఒక్క వరుస రాయండి. తీసేసిన పాత భాగాన్ని ఇంటివారికి తిరిగి ఇవ్వండి. పాఠకులు కూడా ఆ రెండూ అడిగి తీసుకోవాలి.

ఇక మీ పత్రికను కోరేది ఒక్కటే. చదువు పేజీలో గానీ, మా జిల్లా పేజీలో గానీ వారానికొకసారి అరచేతి మందం చోటు ఇచ్చి, కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే సందేశాలకు తెలుగు అర్థాలను ఒక్కొక్కటిగా వేయించండి. ‘నో సిగ్నల్’తో మొదలుపెట్టవచ్చు. రాయడానికి మనుషులు దొరకకపోతే నేను రాసి పంపుతాను. ఆ పాఠశాలలోని తొమ్మిదో తరగతి పిల్లలు తమ నోటుబుక్కులో ఇప్పటికే పదకొండు సందేశాలు రాసిపెట్టుకున్నారు. వాటితోనే మొదలుపెడదాము.

భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
అనంతపురం.